బంతి లేని పిల్లను చూడాలి

సీజన్ మొదలవడానికి వారం ముందు మా అమ్మాయి సాకర్ టీమ్ వాట్సాప్ గ్రూపులోకి నాలుగు పేజీల ఫైలు ఒకటి వచ్చింది. ఆటలో వాడే మాటలు, పక్కనే వాటి అర్థాలు. యాభైకి పైగా ఉన్నాయి. తల్లిదండ్రులు చదవాలి, పిల్లలచేత చదివించాలి అని కింద ఒక విన్నపం. నేను ప్రింటు తీసి, పరీక్షకు చదివినట్టు గీతలు గీసుకుని మరీ చదివాను. మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున, మైదానం పక్కన నిలబడి, ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేని మాట ఒకటి గట్టిగా అరిచాను. "కొట్టు! కొట్టేయ్!"

మేముండేది డల్లస్‌కు ఉత్తరాన. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఈ వయసు పిల్లలకు ఇక్కడ జట్టుకు ఏడుగురు. గోల్‌కీపర్ చేతిలో బంతి ఉన్నప్పుడు ఎదుటి జట్టు పిల్లలందరూ బిల్డ్-అవుట్ లైన్ అనే గీత వెనక్కి వెళ్లిపోవాలి. కీపర్ బంతిని గాల్లోకి ఎగరేసి తన్నకూడదు. దగ్గరున్న పిల్లకు దొర్లించో విసిరో ఇవ్వాలి, ఆ పిల్ల ఇంకొకరికి ఇవ్వాలి, అలా తమ గోల్ ముందు నుంచే ఆట కట్టుకుంటూ రావాలి. ఆ రోజు కీపర్ దొర్లించిన బంతి మా అమ్మాయి కాళ్ల దగ్గరికి వచ్చింది. గీత దాటి పొడుగాటి పిల్ల ఒకతె మా దాని మీదికి పరిగెత్తుకొస్తోంది. నాకు కనిపించింది ఆ పిల్ల ఒక్కతే. అరిచాను. మా అమ్మాయి తల ఎత్తి మధ్యలో ఉన్న స్నేహితురాలి వైపు చూస్తోంది, పాదం అటే తిప్పుకుంది కూడా. నా అరుపు వినగానే గుడ్డిగా ముందుకు తన్నింది. బంతి నేరుగా ఎదుటి జట్టు పిల్లకు అందింది. రెండు సెకన్లలో గోల్.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "అమ్మా, కోచ్ మిడిల్‌లోకి పాస్ ఇవ్వమన్నాడు. నువ్వు కొట్టమన్నావు. నేను ఎవరి మాట వినాలి?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికే ఇది రాస్తున్నాను. నాకు తేలింది ఇది: తల్లిదండ్రులు ఆట మాటలు నేర్చుకోవాలి, తప్పకుండా నేర్చుకోవాలి. కానీ నేర్చుకోవలసింది అరవడానికి కాదు, చూడటానికి. ముఖ్యంగా, బంతి దగ్గర లేనప్పుడు మన పిల్ల ఏం చేస్తోందో చూడటానికి.

రెండు నిమిషాలు

తర్వాతి శనివారం నేనొక పని చేశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, బంతి మా అమ్మాయి కాళ్ల దగ్గర ఉన్నంతసేపు నడిపి, పోగానే ఆపాను. ఆట 25 నిమిషాల చొప్పున రెండు సగాలు, మొత్తం 50 నిమిషాలు. చివరికి చూసుకుంటే రెండు నిమిషాలు కూడా రాలేదు. తను బాగానే ఆడింది, బంతి చాలాసార్లే తగిలింది. అయినా అంతే. మిగతా 48 నిమిషాలు తను ఏం చేసిందని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మూడేళ్లుగా తీసిన వీడియోలు తిరగేశాను. అన్నిట్లో ఫోన్ బంతి వెంటే పరిగెత్తింది. మా అమ్మాయి సగం వీడియోల్లో అసలు లేనే లేదు.

ఆ రాత్రి మళ్లీ ఆ ఫైలు తెరిచి మాటలన్నిటినీ రెండు కుప్పలు చేశాను. బంతి కాళ్ల దగ్గర ఉన్నప్పటి మాటలు ఒక కుప్ప: డ్రిబుల్ (బంతిని కాళ్లతో నడిపించుకుంటూ పోవడం), షాట్, క్రాస్, ఫస్ట్ టచ్. బంతి లేనప్పటి మాటలు ఇంకో కుప్ప: వెడల్పు, సపోర్ట్, మార్కింగ్, కవర్, గోల్ సైడ్, ఓవర్‌ల్యాప్, రికవరీ రన్, ఇలాంటివి. రెండో కుప్పే పెద్దదైంది. వ్యూహం అని మనం గొప్పగా చెప్పుకునేదంతా దాదాపుగా ఆ రెండో కుప్పలోనే ఉంది. మనం చప్పట్లు కొట్టేదీ, తాతయ్యలకు ఫోన్ చేసి చెప్పేదీ మాత్రం మొదటి కుప్ప గురించే.

నాన్న వచ్చాక

మా నాన్నది సికింద్రాబాద్. లాలాగూడ రైల్వే క్వార్టర్ల దగ్గరి మైదానంలో కుర్రతనంలో లెఫ్ట్ హాఫ్‌గా, అంటే మైదానం మధ్యలో ఎడమవైపు, ఫుట్‌బాల్ ఆడాడు. ఇప్పుడా మాట ఇక్కడెవరికీ అర్థం కాదు, ఆరో నంబరు, ఎనిమిదో నంబరు అంటున్నారు. కానీ నాన్నకు ఆటగాడి చోటు అంటే ఇప్పటికీ ఫుల్ బ్యాక్, హాఫ్, ఇన్‌సైడ్, అవుట్‌సైడ్. ఈ వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు మొదటిసారి మనవరాలి మ్యాచ్‌కు తీసుకెళ్లాను. మడత కుర్చీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా సగం ఆట చూశాడు. తర్వాత అన్నాడు. "అందరు బంతెన్కనే ఉర్కుతున్నరు. ఖాళీ జాగ ఎవ్వరు చూస్తలేరు. మన పిల్ల చూస్తున్నది. కానీ దానికి ఇచ్చేటోళ్లు లేరు."

నాలుగు పేజీల కాగితంలో ఎనిమిది వరుసల్లో రాసింది నాన్న రెండు మాటల్లో చెప్పేశాడు. ఖాళీ జాగా. ఆట మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆరేళ్ల పిల్లల ఆట చూసినవాళ్లకు తెలుసు, బెల్లం ముక్క చుట్టూ ఈగల్లా అందరూ బంతి చుట్టే ముసురుతారు. అది తప్పు కాదు. ఆ వయసులో బంతి కావాలంటే బంతి దగ్గరికే వెళ్లాలన్నది సహజం. బంతి కావాలంటే దాని నుంచి దూరంగా వెళ్లాలి అన్నది మాత్రం ఎవరికీ పుట్టుకతో రాదు. అది నేర్చుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే ఇక్కడ ఎనిమిదేళ్ల లోపు వాళ్లను నలుగురు నలుగురుగా ఆడిస్తారు, తర్వాత రెండేళ్లు ఏడుగురు, ఆపైన తొమ్మిదిమంది, పదమూడో ఏట పదకొండుమంది. మెట్టు మెట్టుకీ ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీని చదవడం కష్టమవుతుంది.

వెడల్పు అన్న మాట చూడండి. ఎడమ పక్కన ఆడే పిల్ల తన మడమలు గీతకు తగిలేంత దూరంగా నిలబడుతుంది. పది నిమిషాలైనా బంతి ఆమె దగ్గరికి రాకపోవచ్చు. వాళ్లమ్మ పక్కనే నిలబడి "లోపలికి రా, ఆడు, ఊరికే నిలబడకు" అంటుంది. నేను కూడా అన్నాను, ఎన్నోసార్లు. కానీ ఆ పిల్ల అక్కడ నిలబడటం వల్లే ఎదుటి జట్టులో ఒక డిఫెండర్ ఆమెను కనిపెట్టుకుని పక్కకు జరిగింది. అలా జరగడం వల్లే మధ్యలో దారి తెరుచుకుంది. ఆ దారిలోంచి వెళ్లి గోల్ కొట్టిన పిల్లను అందరూ ఎత్తుకున్నారు. గీత దగ్గర నిలబడిన పిల్ల, తను కూడా ఆ గోల్‌లో భాగమని ఎవరైనా చెబితే తప్ప తెలుసుకోలేదు.

అలాగే నిలబడే తీరు. బంతి వచ్చే వైపు పూర్తిగా ముఖం పెట్టి నిలబడిన పిల్లకు వెనక ఏముందో కనిపించదు. కొంచెం పక్కకు తిరిగి, ఒక భుజం తన గోల్ వైపు, ఇంకో భుజం ఎదుటి గోల్ వైపు పెట్టుకుంటే సగం మైదానం ఒక్క చూపులో అందుతుంది. బంతి రాకముందే మెడ తిప్పి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసిన పిల్ల, బంతి వచ్చాక ఏం చేయాలో ముందే తేల్చుకుంటుంది. కోచ్‌లు స్కానింగ్ అంటున్నది దీన్నే. నాకు ఇప్పుడు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే: తొమ్మిదేళ్ల పిల్ల జడ అటొకసారి ఇటొకసారి ఊగడం.

కబడ్డీలో కవర్

డిఫెన్స్ సంగతి వచ్చేసరికి మా గ్రూపులో తెలుగు తల్లిదండ్రులకు నేను కబడ్డీ గుర్తు చేశాను. చిన్నప్పుడు చెడుగుడు ఆడనివాళ్లు, టీవీలోనైనా చూడనివాళ్లు మనలో తక్కువ. కూతకొచ్చినవాడి మీదికి ఒక్కడే ఎగిరి దూకితే ఏమవుతుంది? వాడు తాకి తప్పించుకుని పోతాడు, దూకినవాడు అవుటై బయట కూర్చుంటాడు. తెలిసినవాళ్లు అలా దూకరు. కార్నర్‌లో ఉన్నవాడు కాలు అందుకునేదాకా పక్కన కవర్‌లో ఉన్నవాడు కాచుకుని ఉంటాడు, అందుకోగానే మీద పడతాడు. మిగతావాళ్లు వాడు గీత వైపు పారిపోయే దారి మూస్తారు.

సాకర్‌లో ప్రెషర్, కవర్, బ్యాలెన్స్ అని మూడు మాటలున్నాయి. బంతి ఉన్న పిల్లకు ఎదురు వెళ్లేది ఒకతె. ఆమె వెనక, కొంచెం పక్కగా, ఆమె తప్పితే అందుకోవడానికి నిలబడేది రెండో ఆమె. బంతికి దూరంగా ఉన్నా, అటు వైపు ఖాళీ మరీ పెరిగిపోకుండా లోపలికి జరిగి చూసుకునేది మూడో ఆమె. మొదటి ఆమె పని బంతి లాక్కోవడం కూడా కాదు, చాలాసార్లు ఎదుటి పిల్ల వేగం తగ్గించడం, అంతే. రెండడుగుల దూరంలో ఆగి, మోకాళ్లు వంచి, పక్కవాటంగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ కాలయాపన చేయడం. ఈలోగా మిగతావాళ్లు వచ్చి గోల్ సైడ్, అంటే ఎదుటి పిల్లకూ మన గోల్‌కూ మధ్య, సర్దుకుంటారు.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇదంతా భయంలా కనిపిస్తుంది. "ఎందుకలా వెనక్కి పోతోంది? వెళ్లి తీసుకో!" అని కేకలు. పిల్ల ఆ కేక వినగానే కాలు చాచి దూకుతుంది, ఎదుటి పిల్ల పక్కనుంచి దాటిపోతుంది. ఆ తర్వాత మనమే అంటాం, డిఫెన్స్ బలహీనంగా ఉందని.

చెప్పే మాట, శాసించే మాట

పిల్లలు ఆటలో ఒకరికొకరు చెప్పుకోవలసిన చిన్న మాటలు కొన్ని ఉన్నాయి. వెనక నుంచి ఎవరో వస్తున్నారంటే "మ్యాన్ ఆన్". ఎవరూ లేరు, తిరగొచ్చు అంటే "టర్న్". తొందరేం లేదంటే "టైమ్". వీటిని గమనిస్తే నాకు ఒక సంగతి తట్టింది. ఇవేవీ ఇది చెయ్, అది చెయ్ అని చెప్పవు. బంతి ఉన్న పిల్లకు కనిపించనిది ఏదో కనిపించేలా చేస్తాయి. ఏం చేయాలన్నది ఆ పిల్లకే వదిలేస్తాయి. మనం బయటి నుంచి అరిచేవి చూడండి: కొట్టు, పాస్ ఇవ్వు, పరిగెత్తు, లాక్కో. అన్నీ శాసనాలే. పిల్ల నిర్ణయం తీసుకోవలసిన ఆ అర సెకనులో మనం దాన్ని చేతిలోంచి గుంజుకుంటున్నాం. ఒక్కో ఆటలో ఆ పిల్లకు దొరికేదే రెండు నిమిషాలు. అందులోనూ మనం వాటా అడుగుతున్నాం.

అలాగైతే తల్లిదండ్రులు కూడా "మ్యాన్ ఆన్" అని చెప్పొచ్చు కదా అని మా వీధిలో ఉండే ఒకాయన అడిగారు. వాళ్లబ్బాయి కూడా ఇదే క్లబ్బులో ఆడతాడు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: అది ఎవరో ఒకరు చెప్పాల్సిన మాటే, కానీ చెప్పడం కూడా ఆటలో భాగం. పక్కనున్న పిల్ల దాన్ని చూసి, గ్రహించి, నోరు తెరిచి చెప్పడం నేర్చుకోవాలి. మనం చెబుతూ ఉంటే ఆమెకు ఆ అవసరమే రాదు. సిగ్గుతో నోరు విప్పని పిల్లలు ఈ ఆట వల్ల గొంతు తెచ్చుకోవడం నేను చూశాను. మా అమ్మాయి అలాంటిదే. బళ్లో చెయ్యెత్తదు. మైదానంలో "టర్న్!" అని అరిచినప్పుడు ఆ గొంతు తనదేనా అని ఆశ్చర్యపోయాను.

ఆయనే ఇంకో మాట అన్నారు, దానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. "మనం చెప్పకుండా వాళ్లు నేర్చుకునేదాకా ఆగితే, ఈలోగా ఓడిపోతారు. ఓడితే కింది టీమ్‌లోకి తోసేస్తారు. ఇంత ఫీజు కట్టి ఆగడం ఎలాగండీ?" అబద్ధం ఏమీ లేదు అందులో. ఏటా ట్రైఅవుట్లు అనే ఎంపిక పోటీలు, ఏటా పిల్లల కళ్లల్లో ఆ బెంగ. ఆ బెంగ వాళ్లకు పుట్టింది కాదు, మన నుంచి వెళ్లింది. అయినా అది నిజమైన బెంగే.

ఆఫ్‌సైడ్, ఆ పద్నాలుగేళ్ల రిఫరీ

గీత పక్కన అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఆఫ్‌సైడ్. అన్నిటికన్నా తక్కువగా అర్థమైందీ ఇదే. కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. బంతి అందుకున్న క్షణం లెక్కలోకి రాదు. మన జట్టు పిల్ల బంతిని తన్నిన క్షణంలో, అందుకోబోయే పిల్ల ఎక్కడ ఉందన్నదే లెక్క. అప్పుడామె ఎదుటి సగంలో ఉండి, బంతి కంటే, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో మనిషి కంటే గోల్‌కు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ చోట ఉన్నట్టు. ఆ చివరి ఇద్దరిలో ఒకరు మామూలుగా గోల్‌కీపర్. సరిసమానంగా ఉంటే తప్పు లేదు, 1990 నుంచి నియమం అదే. 1925కు ముందైతే ఇద్దరు కాదు, ముగ్గురు ఉండాల్సి వచ్చేది. ఆ ఒక్క అంకె మారడంతో గోల్స్ పెరిగి, జట్లు డిఫెన్స్‌ను కొత్తగా అమర్చుకోవాల్సి వచ్చింది. ఇంకోటి, ఆ చోట నిలబడటం ఒక్కటే నేరం కాదు. అక్కడి నుంచి ఆటలో జోక్యం చేసుకుంటేనే నేరం. త్రో ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం), గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడే లేదు. మా పిల్లల ఏడుగురి ఆటలో మైదానం మధ్య గీత కూడా లెక్క కాదు, బిల్డ్-అవుట్ లైన్ దాటాకే ఆఫ్‌సైడ్.

పోయిన నెల మా వైపు నుంచి ఒకరు త్రో ఇన్ మీద ఆఫ్‌సైడ్ అని గట్టిగా గొడవ పెట్టుకున్నారు. రిఫరీ ఒక అబ్బాయి, పద్నాలుగేళ్లుంటాయేమో. పిల్లల ఆటలకు ఇక్కడ చాలాసార్లు పిల్లలే రిఫరీలు. చెమటలు పట్టిన ఆ మొహం ఎర్రబడింది. అతను చేసిన నిర్ణయం అక్షరాలా సరైనది. ఆట ఆపి, గొంతు వణుకుతుండగా "సర్, త్రో ఇన్ మీద ఆఫ్‌సైడ్ ఉండదు" అన్నాడు. ఆ పెద్దమనిషి తగ్గలేదు. మాలో ఎవరమూ లేచి ఆ అబ్బాయి వైపు మాట్లాడలేదు. నియమం తెలిసి కూడా నేను లేవలేదు. తెలుసుకున్న మాట ఎక్కడ పనికి రావాలో అక్కడ నేను వాడలేదు, ఆ సంగతి నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది.

"మా వాణ్ణి డిఫెన్స్‌లో పెట్టారు"

ఫార్మేషన్లు, అంటే ఎవరెక్కడ ఆడాలన్న అమరికల గురించి నేను ఎక్కువ చెప్పను. ఏడుగురి ఆటలో కీపర్‌ను వదిలేసి 2-3-1 అనో 3-2-1 అనో అంటారు, వెనక నుంచి ముందుకు లెక్క. పిల్లలు కదలడం మొదలుపెట్టిన మరుక్షణం ఆ అంకెలు చెదిరిపోతాయి. అంతకంటే ఎక్కువ తలకెత్తుకోనక్కర్లేదు.

కానీ ఒక మాట చెప్పాలి. "మా వాణ్ణి డిఫెన్స్‌లో పెట్టారండీ" అని తల్లిదండ్రులు చెప్పుకునే తీరు. పరీక్ష తప్పినంత బాధగా చెబుతారు. పిల్లలు వింటారు. ఆ రోజు నుంచి వెనక ఆడటం అంటే శిక్ష అనుకుంటారు. ఈ మాట వచ్చినప్పుడల్లా నాన్న 1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఎత్తుకుంటాడు. అప్పటికి నాన్న చిన్నపిల్లాడు, పెద్దల నోట విన్నదే. భారత ఫుట్‌బాల్ జట్టుకు మన హైదరాబాదు రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) కోచ్. జర్నైల్ సింగ్ వెనక గోడలా నిలబడే డిఫెండర్, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి తీసుకెళ్లి ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు. 2-1తో బంగారు పతకం. జీవితమంతా ఫార్వర్డ్‌లను ఆపినవాడికి, ఫార్వర్డ్ ఏ ఖాళీలోకి పోతే డిఫెండర్‌కు ఇబ్బందో తెలియకుండా ఎలా ఉంటుంది అంటాడు నాన్న. తొమ్మిదేళ్ల పిల్లను అన్ని చోట్లా ఆడించడానికి ఇంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు.

రహీం సాబ్ కథల్లోనే నన్ను తికమక పెట్టేది ఒకటుంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఆయన పోటీలు పెట్టేవారట, అలవాటు లేని కాలితోనే ఆడాలని కూడా పెట్టేవారట. బంతి వచ్చింది వచ్చినట్టు ఇచ్చేసి ఖాళీలోకి పోవడం అలవాటు కావాలని. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టులో చాలామంది హైదరాబాదువాళ్లున్నారు. కాబట్టి ఆ పద్ధతిని కాదనే ధైర్యం నాకు లేదు. కానీ మా టీమ్‌లో ఒక పిల్ల ఉంది. బంతి దొరికితే ఎవరికీ ఇవ్వదు, నలుగురిని తప్పించుకుంటూ పోతుంది, ఐదో పిల్ల దగ్గర పోగొట్టుకుంటుంది. ప్రతిసారీ చుట్టూ "పాస్! పాస్!" అని అరుపులు. ఈ మధ్య ఆ పిల్ల బంతి రాగానే ఎవరికో ఒకరికి ఇచ్చేసి ఊపిరి పీల్చుకుంటోంది. ఆట పోయింది, పాస్ మిగిలింది. రహీం సాబ్ ముందున్నది ఎదిగిన ఆటగాళ్లు, డ్రిబ్లింగ్ గల్లీల్లోనే నేర్చేసుకుని వచ్చినవాళ్లు. మా పిల్లలకు గల్లీ లేదు, వారానికి రెండు ప్రాక్టీసులు, ఒక మ్యాచ్, అంతే. ఖాళీ గురించి ఎంత చెప్పినా, ఆ ఖాళీలోకి బంతితో దూసుకుపోయే ధైర్యం ముందు చంపేస్తే ఏం లాభం? పదేళ్ల లోపు పిల్లను పోగొట్టుకోనివ్వాలి అనే నేను అనుకుంటున్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఇద్దరం ఆ రోజు రాత్రి భోజనం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం.

తెలిశాక వచ్చే జబ్బు

బంతి లేని పిల్లను చూడటం మొదలుపెట్టాక నాకొక కొత్త జబ్బు పట్టుకుంది. ఇంతకుముందు కారులో "ఎన్ని గోల్స్ కొట్టావు?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "ఎడమ పక్కన అంత ఖాళీ ఉంటే అటెందుకు పోలేదు?" అని అడగడం మొదలుపెట్టాను. తిట్టు మాత్రం అదే తిట్టు.

రెండు వారాలు భరించి, మూడో వారం చెప్పింది. "అమ్మా, నేను ఆ స్పేస్ చూశాను. కానీ బాల్ ఉన్న అమ్మాయి తల కిందికి పెట్టి ఉంది. తను చూడనప్పుడు నేను ఉరికితే వేస్ట్. తను తల ఎత్తేదాకా ఆగాను. ఎత్తలేదు." నేను గీత పక్క నుంచి చూసినప్పుడు కనిపించింది ఖాళీ. తనకు కనిపించింది ఖాళీ, స్నేహితురాలి తల, రెండిటి మధ్య సమయం. పరుగుకు ఒక వేళ ఉంటుందని ఆ ఫైలులో రాసి లేదు. అది ఆడేవాళ్లకే తెలుస్తుంది. అప్పటి నుంచి కారులో ఒకటే అడుగుతున్నాను, అదీ తను నీళ్లు తాగి, తిండి తిన్నాక: "ఇవాళ నీకు ఏం కనిపించింది?" కొన్నిసార్లు "ఏమీ లేదు" అంటుంది. కొన్నిసార్లు ఇల్లు చేరేదాకా ఆపదు.

గోల్స్ గురించి అడగకపోతే గెలుపు మీద పట్టు పోతుందేమో అన్న అనుమానం నాకుంది. పోటీ ఆటలో పోటీ ఉండాలి. తను కూడా ఓడినప్పుడు ఏడుస్తుంది, ఏడవాలి కూడా. కానీ బంతి పోగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయే పిల్లకూ, పోయిన మరుక్షణం వెనక్కి తిరిగి పరిగెత్తే పిల్లకూ తేడా ఉంది. ట్రాన్సిషన్ అంటారు దాన్ని. గెలవాలన్న పట్టు నాకు అక్కడ కనిపిస్తోంది ఇప్పుడు, స్కోరు బోర్డులో కంటే స్పష్టంగా.

పోయిన శనివారం మా పిల్లలు 1-5తో ఓడిపోయారు. మూడు గోల్స్ వెనక నుంచి ఆట కట్టుకునే ప్రయత్నంలోనే పోయాయి. అందులో ఒకటి మా అమ్మాయి కాళ్ల దగ్గరే పోయింది. తను తిరగబోయింది, తిరగకూడదు. గీత పక్కన కొందరు నా వైపు చూశారు, అరవొద్దని గ్రూపులో రాసింది నేనే కాబట్టి. నేను అరవలేదు. పిడికిళ్లు బిగించుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం నాన్న సికింద్రాబాద్ నుంచి ఫోన్ చేశాడు, అక్కడ అప్పటికి తెల్లారింది. స్కోరు చెప్పాను. కాసేపు ఊరుకుని అడిగాడు. "గా గోల్ పోయినప్పుడు లెఫ్ట్‌ల ఎవరున్నరమ్మా? పిల్ల ఎవరికియ్యాల్సుండె?"

నాకు తెలియలేదు. ఆ క్షణంలో నేను బంతినే చూస్తున్నాను.